మార్కులు బాగా వచ్చినవాళ్ళకి ఏడీహెచ్‌డీ ఉండదా?

ప్రశ్న: నా వయసు 36. ఈ మధ్యే మా బాబుకి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, నిలకడ లేకపోవడం, తొందరపాటు ఉండే సమస్య) ఉందని తేలింది. డాక్టరు అడిగిన ఒక్కో ప్రశ్నకీ వాడి తరఫున జవాబు చెబుతూ, లోలోపల మాత్రం ‘ఇదంతా నా గురించే కదా’ అనుకుంటూ కూర్చున్నాను. ఆఫీసులో గడువు ముందు రాత్రి దాకా ఏ పనీ మొదలుపెట్టలేను. బిల్లులు కట్టడం మర్చిపోయి కట్టిన జరిమానాలకి లెక్కలేదు. తాళాలు, కళ్ళజోడు, పర్సు వెతుక్కోవడంతోనే రోజూ సగం ఓపిక అయిపోతుంది. ఎవరైనా మాట్లాడుతుంటే సగం విని, మిగతా సగం ఊహించుకుని తలూపేస్తాను. అమ్మకి చెబితే ‘క్లాసులో ఫస్టు వచ్చేదానివి, నీకేం జబ్బే’ అంది. మావారేమో ‘ఫోను పక్కన పడేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అంటారు. ఈ వయసులో పరీక్ష చేయించుకోవడంలో అర్థం ఉందా? అసలు ఏం చేస్తారు? మందులు వాడాల్సిందే అంటారా? తీరా వెళ్ళాక ‘మీకేం లేదు’ అంటే, నేను ఒట్టి బద్ధకస్తురాలినని ఒప్పుకోవాల్సిందేనా?

జవాబు: మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే మిగతావన్నీ దాని చాటునే నక్కి ఉన్నాయనిపించింది. ఒప్పుకోనక్కర్లేదండీ. బద్ధకస్తులు పని ఎగ్గొట్టి హాయిగా నిద్రపోతారు. మీరేమో పనీ చెయ్యక, నిద్రా పోక, చెయ్యలేదే చెయ్యలేదే అని రోజంతా కుమిలి, చివరి రాత్రి కూర్చుని రెట్టింపు కష్టంతో అదే పని పూర్తిచేస్తున్నారు. దాన్ని బద్ధకం అనడానికి నాకు నోరు రావట్లేదు. ఒకవేళ డాక్టరు ఏడీహెచ్‌డీ కాదన్నా, ‘మరి ఇదంతా దేనివల్ల’ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, దానికి జవాబు వెతకడం కూడా ఆయన పనిలో భాగమే. కాబట్టి వెళ్ళండి. 36 ఏమంత వయసు, 60 దాటాక తెలుసుకున్నవాళ్ళూ ఉన్నారు.

పిల్లల్ని చూపించడానికి వెళ్ళి తమని తాము గుర్తుపట్టిన తల్లులు, తండ్రులు చాలామందే. ఇది కుటుంబాల్లో గట్టిగా పాకే లక్షణం. కవలల మీద చేసిన అధ్యయనాలు చూస్తే, ఈ విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల వాటా అని తేలింది, అంటే ఇంచుమించు మన ఎత్తు విషయంలో ఎంతో ఇందులోనూ అంతే. అలాగని బాబుకి ఉంది కాబట్టి మీకూ ఉండి తీరాలని లేదు, వాళ్ళ నాన్న వైపు నుంచీ వచ్చి ఉండొచ్చు (ఈ ముక్క మీవారికి చదివి వినిపించకండి, అనవసరంగా గొడవ). పెద్దవాళ్ళలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుందని అంచనా. మరీ అరుదేం కాదు, అలాగని తాళాలు పోగొట్టుకునే ప్రతివాళ్ళకీ ఉండేదీ కాదు.

ఇక మీ అమ్మగారి మాట. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు, కానీ దానికీ దీనికీ లంకె లేదు. ఏడీహెచ్‌డీ అంటే తెలివి తక్కువని కాదు. తెలిసిన పనిని టైముకి మొదలుపెట్టడం, మధ్యలో వదలకుండా చివరిదాకా లాక్కెళ్ళడం, ఈలోపు ఇంకోదాని మీదకి పోయిన మనసుని వెనక్కి తెచ్చుకోవడం, చిక్కంతా అక్కడ. తెలివైన పిల్లలకి పరీక్ష ముందు రాత్రి చదివినా మార్కులు వచ్చేస్తాయి. పైగా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ పని వేరేవాళ్ళు చేసిపెడతారు: నిద్రలేపేది ఒకరు, పుస్తకాల సంచీ సర్దేది ఒకరు, ‘రేపు ఫీజు కట్టాలి’ అని గుర్తుచేసేది ఒకరు, బడిలో అయితే గంట కొట్టి మరీ ఏ క్లాసు ఎప్పుడో చెప్పేస్తారు. మీకు ఫస్టు ర్యాంకు వచ్చిందంటే అందులో సగం వాటా మీ అమ్మగారిదేమో, ఆవిడకి ఆ సంగతి తెలియదంతే. చదువైపోయి, ఉద్యోగం వచ్చి, పిల్లలు పుట్టి, ఇప్పుడు ఇంట్లో అందరికీ గుర్తుచేసే మనిషి మీరే అయ్యేసరికి అసలు సంగతి బయటపడుతుంది. చాలామంది ఆడవాళ్ళు ముప్ఫైల్లో, నలభైల్లో డాక్టరు దగ్గరికి రావడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం కూడా ఉంది. మీరు బడికెళ్ళే రోజుల్లో టీచర్ల దృష్టిలో ఇలాంటి పిల్లలంటే బల్లలెక్కి దూకే మగపిల్లలే. వెనక బెంచీలో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఎక్కడికో వెళ్ళిపోయే ఆడపిల్ల ఎవరినీ ఇబ్బందిపెట్టదు, దాంతో ఎవరి కంటా పడదు. చిన్నప్పుడు గుర్తించినవాళ్ళలో అబ్బాయిలే బాగా ఎక్కువ, పెద్దయ్యాక చూస్తే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. ఆ తగ్గిన తేడా అంతా చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోని ఆడపిల్లలే అయ్యుండాలని నా అనుమానం.

ఏం చేస్తారని అడిగారు. చాలామంది రక్తం తీస్తారనో, మెదడు స్కాన్ చేస్తారనో అనుకుంటారు. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానూ లేదు. జరిగేదంతా మాటలే. డాక్టరు అడుగుతారు, మీరు చెబుతారు, అది ఒక్క సిట్టింగులో అవ్వొచ్చు, రెండు మూడు పట్టొచ్చు. మొదట చిన్న ప్రశ్నాపత్రం ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి తయారుచేసిన ఏఎస్ఆర్ఎస్ అనేది ఎక్కువగా వాడతారు, మొత్తం 18 ప్రశ్నలు, అందులో మొదటి ఆరే అసలైన జల్లెడ. ఇది నెట్‌లో దొరుకుతుంది, మీరు ఇప్పటికే పూర్తిచేసి ఉంటారు కూడా. కానీ జల్లెడ జల్లెడే, అందులో ఎక్కువ మార్కులొస్తే ‘డాక్టరుకి చూపించుకోవాలి’ అని అర్థం, జబ్బు ఉన్నట్టు కాదు. నిద్ర చాలనివాళ్ళకీ, దిగులుతో ఉన్నవాళ్ళకీ అందులో మార్కులు బాగానే వస్తాయి.

అసలు కొలబద్ద వేరే ఉంది. డాక్టర్లు ఎక్కువగా చూసేది మానసిక సమస్యల లక్షణాలు రాసి ఉండే డీఎస్ఎం-5 అనే పుస్తకం, 2013లో వచ్చింది. అందులో ధ్యాస నిలవకపోవడానికి సంబంధించినవి తొమ్మిది లక్షణాలు, నిలకడ లేకపోవడం, తొందరపాటుకి సంబంధించినవి తొమ్మిది. 17 ఏళ్ళు, ఆపై వయసున్నవాళ్ళకి ఈ రెండు గుంపుల్లో ఏదో ఒకదాంట్లో కనీసం ఐదు ఉండాలి (పిల్లలకైతే ఆరు), కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇల్లూ ఆఫీసూ లాంటి రెండు చోట్లయినా కనిపించాలి, వాటివల్ల బతుకులో నిజంగా నష్టం జరుగుతూ ఉండాలి, వేరే ఏ కారణమూ వాటిని ఇంతకంటే బాగా వివరించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వాటిలో కొన్నయినా పన్నెండేళ్ళ లోపే ఉండి ఉండాలి. అంతకుముందు పుస్తకంలో ఏడేళ్ళ లోపు అని ఉండేది. నలభై ఏళ్ళ మనిషిని పట్టుకుని ‘ఏడేళ్ళప్పుడు ఎలా ఉండేవారు’ అంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు, మార్చి మంచి పనే చేశారు.

ఈ పన్నెండేళ్ళ షరతే మీవారికి జవాబు కూడా. ఫోను మీద ఆయనన్నది కొంత నిజమే, అది ఎవరి ధ్యాసనైనా చెడగొడుతుంది, రాత్రి పక్కలో పెట్టుకుంటే ఇంకా ఎక్కువ. ఓ రెండు వారాలు తగ్గించి చూడండి, పోయేదేం లేదు. కానీ మీకు పన్నెండేళ్ళప్పుడు చేతిలో ఫోనెక్కడిది? అప్పుడెలా ఉండేవారో అదే డాక్టరుకి కావాలి.

అది మీ అమ్మగారికే తెలుసు. అయితే ఆవిడని అడిగే పద్ధతి ఒకటుంది. ‘నాకు చిన్నప్పుడు ఏడీహెచ్‌డీ ఉండేదా’ అంటే ఏ తల్లయినా లేదనే అంటుంది, పెంపకంలో తప్పు పడుతున్నారనుకుంటుంది కూడా. అలా కాకుండా, ఏదో పని చేసుకుంటూ, మామూలు కబుర్లలా అడగండి. నా పెన్సిళ్ళు ఎన్ని పోయేవమ్మా? హోంవర్కు చేసి కూడా ఇంట్లో మర్చిపోయేదాన్నా? అన్నం తినడానికి ఎన్నిసార్లు పిలవాల్సొచ్చేది? టీచర్లు నా మీద ఏం చెప్పేవారు? ‘అబ్బో, నీతో వేగలేక చచ్చేదాన్ని’ అంటూ మొదలుపెట్టారంటే మీకు కావాల్సింది దొరికినట్టే. పాత ప్రోగ్రెస్ కార్డులు ఎక్కడైనా ఉంటే తీయండి. మార్కులు చూడకండి, కింద టీచరు చేత్తో రాసిన వాక్యం చూడండి. ‘తెలివైనదే కానీ శ్రద్ధ పెట్టదు’, ‘అజాగ్రత్త తప్పులు’, ‘క్లాసులో పరధ్యానం’, ఇలాంటివి ఏళ్ళ తరబడి వేరువేరు టీచర్ల చేతిరాతల్లో కనిపిస్తే డాక్టరుకి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఏమీ దొరక్కపోయినా కంగారేం లేదు, ఉన్నదాంతోనే చూస్తారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక కాగితం రాసుకోండి, అక్కడ కూర్చోగానే అన్నీ మర్చిపోతారు కనుక. ‘నాకు మతిమరుపు ఎక్కువ’ లాంటి మాటలు వద్దు, అలాంటివి అందరూ చెబుతారు. పోయిన నెలలో జరిగినవి రాయండి. ఏ బిల్లు, ఎన్ని రోజులు ఆలస్యం, ఎంత జరిమానా. ఏ పని చివరి రాత్రి దాకా ఆగింది, అది అసలు ఎన్ని గంటల పని. ఎవరు ఏం చెబితే వినకుండా తలూపారు, దానివల్ల తర్వాత ఏమైంది. మీరు రాసిన ఉత్తరంలోనే సగం ఉంది, దాన్నే కాస్త పెంచి రాస్తే చాలు. మీ తాళాల కథ కంటే మీ జరిమానాల కథ డాక్టరుకి ఎక్కువ పనికొస్తుంది, నష్టం ఎంత అన్నది తేల్చాలి కదా.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. నాకు బాగా తెలిసినావిడ ఒకరు ఇలాగే వెళ్ళారు. అరగంట ముందే చేరుకుని, ఫైలు నీటుగా సర్దుకుని, అడిగినదానికల్లా చక్కగా జవాబు చెప్పి వచ్చారు. ఆ డాక్టరు పావుగంటలో ‘ఇంత పద్ధతిగా ఉన్నారు, మీకేం లేదు’ అని పంపించేశారు. ఆ అరగంట ముందు చేరుకోవడానికి ఆవిడ నాలుగు అలారాలు పెట్టుకున్న సంగతి, ముందురోజే ఒకసారి దారి చూసొచ్చిన సంగతి, ఆలస్యమవుతుందేమోనని పొద్దున్నుంచి ఇంకే పనీ ముట్టుకోని సంగతి ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు. మీరు చెప్పండి. పైకి ఏం కనిపిస్తుందో అదొక్కటే కాకుండా, అలా కనిపించడానికి ఎంత ఖర్చవుతోందో చెప్పండి.

అలాగే రెండోవైపూ జాగ్రత్త. రీల్స్ చూసి, అక్కడ విన్న లక్షణాలన్నీ వరసగా ఒప్పజెప్పకండి. మీకు లేనివి లేవని చెప్పండి. ఇష్టమైన పని దొరికితే నాలుగు గంటలు తిండీ నీళ్ళూ లేకుండా కూర్చోగలరా, అదీ చెప్పండి, దానివల్ల మీ కేసు బలహీనపడుతుందని భయపడక్కర్లేదు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో అది మామూలే. ధ్యాస లేకపోవడం కంటే ధ్యాస మన మాట వినకపోవడమే ఇందులో అసలు గొడవ.

వేరే కారణాలు వెతకడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మంచి డాక్టరయితే మీ నిద్ర గురించి వివరంగా అడుగుతారు, గురక ఉందా, పొద్దున లేచాక తలనొప్పి ఉంటుందా అని కూడా. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ అప్నియా ఉంటే పగలు మనసు నిలవదు. థైరాయిడ్, రక్తహీనత చూడ్డానికి రక్తపరీక్ష రాయొచ్చు, ఆ పరీక్ష ఏడీహెచ్‌డీ కోసం కాదు, ఇవి లేవని తేల్చుకోవడానికి. డిప్రెషన్‌లో ఏ పనీ మొదలుపెట్టాలనిపించదు, విపరీతమైన టెన్షన్‌లో చదివిన వాక్యమే నాలుగుసార్లు చదువుతాం. తేడా ఎలా తెలుస్తుందంటే, ఎప్పుడు మొదలైందో చూసి. దిగులు చాలావరకు ఒక కాలంలో మొదలై, కొన్నాళ్ళుండి, తగ్గుతుంది, ‘అంతకుముందు నేనిలా ఉండేదాన్ని కాదు’ అని చెప్పగలుగుతారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి ఆ ‘అంతకుముందు’ ఉండదు. అయితే రెండూ కలిసి ఉండటం చాలా మామూలు, ఏళ్ళ తరబడి తిట్లు తిని తిని దిగులు పట్టుకున్నవాళ్ళు బోలెడుమంది. ఏది ముందు చూడాలో డాక్టరు చెబుతారు. మద్యం, సిగరెట్టు, నిద్రమాత్రలు లాంటివి ఉంటే దాచకండి. ఎప్పుడైనా చాలా రోజులపాటు నిద్ర అవసరమే లేనట్టు విపరీతమైన హుషారుగా ఉన్నారా అన్నది కూడా చెప్పండి, బైపోలార్ (విపరీతమైన హుషారు, దిగులు విడతలుగా వచ్చే జబ్బు) ఉంటే మందుల లెక్క పూర్తిగా మారుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? సైకియాట్రిస్ట్ అయితే నిర్ధారణా చేస్తారు, మందులూ రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ వివరంగా పరీక్షించగలరు, థెరపీ ఇవ్వగలరు, మందులు మాత్రం మామూలుగా రాయరు. పిల్లల డాక్టరు మీ బాబుని బాగా చూశారని ఆయన్నే అడగకండి, కానీ పెద్దవాళ్ళని చూసేవాళ్ళెవరో ఆయనకి తెలిసి ఉంటుంది, అది అడగండి. అపాయింట్‌మెంట్ తీసుకునేముందు ఫోన్‌లో రెండు ముక్కలు కనుక్కోండి: పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీ చూస్తారా, చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్ళతో మాట్లాడతారా. పది నిమిషాల్లో ఉందనేవాళ్ళనీ నమ్మకండి, పది నిమిషాల్లో లేదనేవాళ్ళనీ నమ్మకండి. ‘ఇది పిల్లల జబ్బు’, ‘డిగ్రీ చేశారు కదా, ఉండదు’ అనేవారైతే మర్యాదగా దణ్ణం పెట్టి వచ్చేసి ఇంకొకరికి చూపించుకోండి. కంప్యూటర్ మీద అక్షరం కనబడినప్పుడు బటన్ నొక్కే పరీక్ష ఒకటుంటుంది, అది అదనపు సమాచారంగా పనికొస్తుంది, దానొక్కదాంతో ఏమీ తేలదు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళు కూడా అందులో బాగా చేసేస్తుంటారు. మెదడు స్కాన్ చూసి ఏడీహెచ్‌డీ చెప్పేస్తామనే ప్యాకేజీలకి మాత్రం డబ్బు తగలెయ్యకండి.

మందులు వాడాల్సిందే అంటారా అన్నారు. ఎవరూ బలవంతపెట్టరు. ఉందని తేల్చడం ఒక నిర్ణయం, మందు మొదలుపెట్టడం ఇంకో నిర్ణయం, రెండోది మీదే. ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్, దాన్ని 1944లోనే తయారుచేశారు, చేసిన శాస్త్రవేత్త తన భార్య రీటా పేరు మీద రిటలిన్ అని పేరుపెట్టాడు. ఇంత పాత మందు కాబట్టి దాని మంచిచెడ్డలు బాగానే తెలుసు: ఆకలి తగ్గొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, నాడి, బీపీ పెరగొచ్చు. అందుకే మొదలుపెట్టేముందు బీపీ, నాడి, బరువు చూస్తారు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బులున్నాయా, చిన్నవయసులో హఠాత్తుగా పోయారా అని అడుగుతారు. పడనివాళ్ళకి ఆటొమాక్సెటిన్ లాంటివి ఉన్నాయి, అవి పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. మళ్ళీ గర్భం ఆలోచన ఉంటే ముందే చెప్పండి. మందులతో పాటు, ఒక్కోసారి మందులు లేకుండానూ, సీబీటీ అనే థెరపీలో పని మొదలుపెట్టడం, టైము లెక్కేసుకోవడం, తనని తాను తిట్టుకోవడం ఆపడం, ఇలాంటివి నేర్పుతారు, పెద్దవాళ్ళకి అది బాగా పనికొస్తుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ ఇంట్లో బాబు మాత్రలుంటే వాటిలో ఒకటి వేసుకుని చూద్దామనే ఆలోచన వస్తుంది, రాకపోతే ఆశ్చర్యం. వద్దు. ప్రమాదం సంగతి అలా ఉంచండి, దానివల్ల ఏమీ తేలదు కూడా. ఏడీహెచ్‌డీ లేనివాళ్ళకి కూడా ఆ మాత్రతో హుషారొస్తుంది, ‘బాగా పనిచేసింది కాబట్టి నాకు ఉన్నట్టే’ అనుకోవడం తప్పు లెక్క.

ఈలోపు డాక్టరు చెప్పేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. బిల్లులన్నీ ఆటో పేమెంట్‌లో పెట్టేయండి, ఈ ఒక్క పనికి డయాగ్నసిస్ అవసరం లేదు. తాళాలకి తలుపు పక్కన ఒక కొక్కెం. మొదలుపెట్టలేని పని ఉంటే ఎవరినైనా పక్కన ఊరికే కూర్చోమనండి, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు, మీది మీరు. విచిత్రంగా ఉంటుంది కానీ చాలామందికి కుదురుతుంది. ఆఫీసులో ఇప్పుడే ఎవరికీ చెప్పకండి, తేలాక, చెబితే ఏం లాభమో చూసుకుని అప్పుడు ఆలోచించొచ్చు.

ఏడీహెచ్‌డీ కాదని తేలితే, లేచి వచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి. ఏ లెక్కన కాదన్నారు? మరి నేను చెప్పినవాటికి మీరనుకుంటున్న కారణం ఏంటి? రెండిటికీ సరైన జవాబులొస్తే ఆ దారిలో వెళ్ళండి. ఉందని తేలితే, మొదటి రెండు మూడు రోజులు తేలిగ్గా ఉంటుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది, ‘పదేళ్ళప్పుడే ఎవరైనా చెప్పుంటే’ అని. రానివ్వండి. బాబుని కూడా అప్పుడు కొంచెం వేరేలా చూస్తారు.

మీవారిని వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో మీరెలా ఉంటారో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు, ఫోను గురించి ఆయన గొడవ కూడా డాక్టరు ముందే చెప్పుకోనివ్వండి. ఇంకో మాట, ఇదంతా చదివి ‘రేపు ఫోన్ చేద్దాం’ అనుకుంటారని నాకు తెలుసు. ఆ ఫోను ఆయన చేత ఇవాళే చేయించండి. అపాయింట్‌మెంట్ దొరికాక క్యాలెండర్‌లో డాక్టరు ఇచ్చిన టైము రాయకండి, ఇంట్లోంచి బయల్దేరాల్సిన టైము రాయండి.